మైనపు బొమ్మల పక్కన సినిమా

సినిమా ఎప్పుడు పుట్టిందంటే 1895 డిసెంబర్ 28, లూమియేర్ సోదరులు, పారిస్ అని ఠక్కున చెప్తాం. అంతకు మూడేళ్ళ ముందే, 1892 అక్టోబర్ 28న, అదే ఊళ్ళో ఎమీల్ రేనో తాను చేత్తో గీసిన బొమ్మల్ని తెరమీద కదిలించాడు. ఆ ప్రదర్శన జరిగింది మ్యూజే గ్రెవాన్ అనే మైనపు బొమ్మల మ్యూజియంలో. ఇది కాకతాళీయం అని నాకనిపించదు.

1882లో ఆ మ్యూజియం తెరిచిన ఆర్థర్ మేయర్ పత్రిక నడిపే మనిషి. పేపర్లలో ఫొటోలు ఇంకా మామూలు కాని రోజులవి. వార్తల్లో చదివిన వాళ్ళను జనానికి నిలువెత్తున చూపించాలనుకున్నాడు. అంటే మైనపు బొమ్మ అక్కడ ఒకరకం న్యూస్‌రీల్. లేనిదల్లా కదలిక. రేనో తెరమీద కదలిక ఉంది, కానీ ఒళ్ళు లేదు.

ఎదుట ఉన్నదానికి ప్రాణం ఉందో లేదో తేల్చుకోలేకపోవడం మనల్ని జంకిస్తుందని 1906లో ఎర్న్‌స్ట్ యెంచ్ రాశాడు. అతని ఉదాహరణల్లో మైనపు బొమ్మలూ ఉన్నాయి. మ్యూజియంలో అయితే ఆ జంకు ఎక్కువసేపు నిలవదు. దగ్గరికెళ్ళి చుట్టూ తిరిగితే గాజుకళ్ళు బయటపడిపోతాయి. సినిమాలో ఆ వీల్లేదు. ఎంత దగ్గర్నుంచి, ఎంతసేపు చూడాలో కెమెరాదే నిర్ణయం. కదలకుండా నిలబడ్డ మనిషిని, మైనపు బొమ్మని తెరమీద వేరుచేయడం కష్టం.

1958లో జాక్ దమీ, జాఁ మాసోఁ ఇదే మ్యూజియం మీద ఒక చిన్న సినిమా తీశారు. సగం డాక్యుమెంటరీ, సగం కల. ఒక సందర్శకుడి కలలో బొమ్మలకు ప్రాణం వస్తుంది. కవి జాఁ కాక్టో, నటుడు జాఁ-లూయీ బారో, సైకిల్ వీరుడు లూయిజోఁ బోబే స్వయంగా కనిపిస్తారు.

అప్పటి ప్రేక్షకులకు ఇది సరదా ఆట అయివుండాలి. వీళ్ళు మనుషులు, అవి బొమ్మలు, అంతే. కానీ కాక్టో 1963లో పోయాడు, బోబే 1983లో, బారో 1994లో. ఇప్పుడు ఆ సినిమాని ఏ ఫ్రేమ్ దగ్గర ఆపినా, మనిషీ బొమ్మా ఒకేలా మనవైపు చూస్తుంటారు. మళ్ళీ ప్లే నొక్కితే కాక్టో కదులుతాడు, నిజమే. కానీ ప్రతిసారీ అదే కదలిక, అక్కడిదాకానే. బొమ్మ ఎక్కడ రెప్ప వేస్తుందోనన్న భయం పాతది. రెప్ప వేస్తున్న మనిషే బొమ్మగా మిగిలాడని తెలియడం నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.