పెళ్ళికొడుకు రేటు ఎంత? 1939 నాటి ‘వరవిక్రయం’ కథ

ఈరోజు మన గోదావరి వాళ్ళ చేతుల్లో పుట్టిన ఒక పాత సినిమా గురించి మాట్లాడుకుందాం. పేరు ‘వరవిక్రయం’, వచ్చింది 1939లో. విక్రయం అంటే అమ్మకం. అంటే పెళ్ళికొడుకుని అమ్మడం అన్నమాట.

ఇది ముందు నాటకం. రాసింది కాళ్ళకూరి నారాయణరావు గారు, పశ్చిమ గోదావరి మత్స్యపురిలో పుట్టారు. ‘చింతామణి’ నాటకం కూడా ఆయనదే. 1927లో ఆయన పోయారు. పన్నెండేళ్ళ తర్వాత మన కాకినాడ సి. పుల్లయ్య గారు కలకత్తా వెళ్ళి, ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీకి దీన్ని సినిమాగా తీశారు.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడినప్పుడు, అందులో డబ్బు పుచ్చుకునేది ఆడపిల్ల తండ్రి. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి కాళ్ళకూరి వారి నాటకంలో డబ్బు పుచ్చుకునేది మగపిల్లాడి తండ్రి! ఏం మారింది? నాకు తోచింది చెప్తాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పొలానికి విలువ వచ్చింది. కాస్త ఉన్నవాళ్ళు కొడుకుల్ని ఇంగ్లీషు చదువుకి పంపారు. డిగ్రీ, సర్కారు ఉద్యోగం ఉన్న కుర్రాళ్ళు తక్కువ, వాళ్ళ కోసం వచ్చే తండ్రులు ఎక్కువ. ఇంకేముంది, బేరం మొదలైంది.

ఇక కథ. పురుషోత్తమరావుకి ఇద్దరు కూతుళ్ళు, కాళింది, కమల. పెద్దమ్మాయి పెళ్ళి కోసం ఆయన పొలం అమ్మి, సింగరాజు లింగరాజు అనే పరమ పిసినారికి కట్నం ముందే ఇచ్చేస్తాడు. తన కోసం ఇల్లు గుల్లవుతోందని కాళింది ప్రాణం తీసుకుంటుంది. అయినా లింగరాజు డబ్బు వెనక్కివ్వడు. అప్పుడు కమల, సరే, నన్నే ఇచ్చి చెయ్యండి అంటుంది. పెళ్ళయ్యాక అత్తారింటికి మాత్రం వెళ్ళదు. వ్యవహారం కోర్టుకెక్కుతుంది. అక్కడ ఆమె వాదన ఒక్కటే: డబ్బు పోసి కొనుక్కున్నాం కాబట్టి అతనే మా ఇంటికి రావాలి.

కాళింది వేషం వేసింది భానుమతి గారు. అదే ఆవిడ మొదటి సినిమా, షూటింగ్ నాటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. కమలగా చేసింది పెంటపాడు అమ్మాయి పుష్పవల్లి, హిందీ నటి రేఖ గారి అమ్మ.

నా దృష్టిలో ఈ సినిమా బలమంతా కమలలోనే ఉందండి. కాళింది చావు చూసి ఏడ్చి, ఇంటికెళ్ళి మళ్ళీ కట్నం అడిగేవాళ్ళు ఉంటారు. కానీ కమల ఏడవదు, లెక్క అడుగుతుంది. అమ్మానని ఒప్పుకుంటే కొడుకుని వదులుకోవాలి. అమ్మలేదంటే డబ్బు తిరిగివ్వాలి. తప్పించుకోడానికి మూడో దారి లేదు.

సినిమా వచ్చిన 22 ఏళ్ళకి, 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. బేరం మాత్రం ఆగలేదు. పేర్లు మారాయి, అంతే: లాంఛనాలు, కానుకలు, అబ్బాయి ప్యాకేజీకి తగ్గ మర్యాద. రేపు మీ ఇంట్లో సంబంధం మాట్లాడేటప్పుడు ఈ మాటలు వినబడితే, కమల అడిగిన ప్రశ్న మీరూ అడగండి. మరి అమ్మినట్టేనా?