ప్రదర్శనశాలలో భారతదేశపు గొంతు

1886 మే 4వ తేదీన లండనులోని ఆల్బర్ట్ హాలులో, విక్టోరియా రాణి సమక్షమున, వలసరాజ్యాల, భారతదేశపు మహాప్రదర్శన ప్రారంభమైనది. ఆనాడు బ్రిటిషు జాతీయగీతపు మొదటి చరణాన్ని ఇంగ్లీషులోను, రెండవ చరణాన్ని సంస్కృతంలోను పాడినారు. సంస్కృతానువాదం మాక్స్ ముల్లరు పండితునిది. కోట్లాది భారతీయులు ఇంట, బయట మాట్లాడుకొనే భాషలలో ఒక్కదానికీ ఆ గీతంలో చోటు దొరకలేదు.

ఈ ఎంపిక వెనుక ఒక శతాబ్దపు ఆలోచన కలదు. సంస్కృతము, గ్రీకు, లాటిను ఏకకుటుంబ భాషలన్న సిద్ధాంతం నాటి యూరపును ముగ్ధం చేసినది. భాషాబాంధవ్యమే క్రమంగా రక్తబాంధవ్యంగా చెలామణి అయినది. ‘ఆర్య’ శబ్దం భాషకే గాని రక్తానికి వర్తించదని 1888లో మాక్స్ ముల్లరే స్పష్టం చేయవలసివచ్చినది. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతజన్యాలు కావని మద్రాసు కలెక్టరు ఎల్లిసు 1816లోనే నిరూపించి ఉన్నాడు. అయినను ఆ వేదికమీద దేశమంతకూ ఒక్కటే గొంతు, అదీ ప్రాచీనమైనది.

వేదికమీద దేశానికి దేవభాష దక్కినది. ప్రదర్శనశాలలో ఆ దేశప్రజలకు మౌనమే మిగిలినది. సౌత్ కెన్సింగ్టనులో కృత్రిమంగా నిర్మించిన రాజప్రాసాద ప్రాంగణంలో 30 మందికి పైగా భారతీయ శిల్పులు నేత, కుండలపని, చెక్కడం మున్నగు వృత్తులను సందర్శకుల యెదుట చేసి చూపినారు. తరతరాల గ్రామవృత్తులకు ప్రతినిధులుగా నిలిపిన వీరిలో అనేకులు ఆగ్రా జైలులో పని నేర్చినవారు. వచ్చిన 55 లక్షలకు పైబడిన జనం వారి చేతులను చూచినారు. వారి మాట ఆ ప్రదర్శనలో భాగం కాలేదు.

ప్రభుత్వోద్యోగిగా అక్కడికి వెళ్ళిన త్రైలోక్యనాథ ముఖోపాధ్యాయుని స్థితి మరింత విచిత్రమైనది. వస్తువులను వివరించుటకు పోయిన ఆయననే జనం వింతవస్తువుగా చూచినారు. 1889లో వెలువడిన తన ఐరోపా యాత్రాగ్రంథంలో ఆయన ఆ చూపులకు కోపంతో గాక హాస్యంతో సమాధానమిచ్చినాడు. తనను గుచ్చి చూచినవారిని తానును తీరికగా పరిశీలించి, చూడబడినవాడే చూచేవాడైనాడు. అయితే ఆ గ్రంథం పాలకుల భాషలోనే వెలువడినది.

1892లో ఆయన బెంగాలీలో ‘కంకావతి’ని ప్రచురించినాడు. అద్భుతమూ వ్యంగ్యమూ పెనవేసుకొన్న ఇటువంటి రచనల వల్లనే నేడు ఆయన సాహిత్యచరిత్రలో నిలిచి ఉన్నాడు. ఆల్బర్ట్ హాలు గీతంలో చోటు దొరకని భాషలలో ఒకటే ఆయనకు ఆ చోటు నిచ్చినది.