మెంతి మొలకలు చెప్పిన పాఠం

ఒంగోలులో ఉదయపు నడక ముగించుకొని మొలకెత్తిన గింజలను పచ్చిగా తినేవారు నేడు కనిపిస్తూనే ఉంటారు. చక్కెర వ్యాధికి మంచిదని కొందరు మెంతులను సైతం మొలకెత్తించి తింటున్నారు. మీరూ వారిలో ఒకరైతే, 2011 నాటి ఒక చరిత్రను తెలుసుకోవాలి.

ఆ ఏడాది మే నెలలో ఉత్తర జర్మనీ ఆసుపత్రులు రక్త విరేచనాల రోగులతో నిండిపోయాయి. ఈ.కోలైలోని ఒక ప్రమాదకరమైన రకం అందుకు కారణం. అది విడుదల చేసే విషం ఎర్ర రక్తకణాలను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. సుమారు 3,800 మంది జబ్బుపడ్డారు. 53 మంది మరణించారు.

తొలి అనుమానం స్పెయిన్ దోసకాయలపై పడింది. అమ్మకాలు నిలిచి, అక్కడి రైతులు నిష్కారణంగా పంటను పారబోసుకున్నారు. వ్యాధి మాత్రం ఆగలేదు. జూన్‌లో అసలు మూలం మొలకలని తేలింది. అదే నెలలో ఫ్రాన్స్‌లోని బోర్డో పరిసరాల్లోనూ మొలకలు తిన్నవారికి ఇదే జబ్బు సోకింది. రెండు దేశాల కొనుగోలు పత్రాలను పోల్చగా, 2009లో ఈజిప్టు నుంచి వచ్చిన ఒకే సరుకు మెంతులు రెండుచోట్లకూ చేరినట్లు బయటపడింది. గింజల పరీక్షలో క్రిమి దొరకలేదు. కాగితాలే సాక్ష్యం పలికాయి. జులైలో ఐరోపా సమాఖ్య ఆ గింజలను వెనక్కి రప్పించి ధ్వంసం చేయమని ఆదేశించింది.

మన దేశంలోనూ ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 28వ సెక్షన్ ప్రకారం హానికరమైన ఆహారాన్ని వ్యాపారి వెనక్కి రప్పించాలి. అందుకు 2017లో ప్రత్యేక నిబంధనలూ వచ్చాయి. కానీ ఆ చట్టం రైతుకూ, పంటకూ వర్తించదు. రైతుబజారులో మీరు కొన్న కొత్తిమీర కట్టకు లాట్ నంబరు ఉండదు, బిల్లు ఉండదు. ఏ పొలం నుంచి వచ్చిందో తెలియని సరుకును ఎవరు, ఎక్కడి నుంచి వెనక్కి పిలుస్తారు?

కనుక ఆ కాపలా మన వంటింటిదే. మొలకెత్తడానికి కావలసిన తడి, వెచ్చదనమే క్రిములకూ అనుకూలం. గింజ పగుళ్లలో దాగినవి కడిగినా పూర్తిగా పోవు. మన పెద్దలు మెంతులను పోపులో వేయించారు, మెంతికూరను పప్పులో ఉడికించారు. మీరు కూడా మొలకలను బాగా ఉడికించి తినండి. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, మూత్రపిండ రోగులకు పచ్చివి పెట్టకండి. విరేచనాల్లో రక్తం కనిపిస్తే సొంతంగా యాంటిబయాటిక్ మాత్రలు మింగక, వెంటనే వైద్యుని సంప్రదించండి.