సూపర్‌మ్యాన్ కథ: చిత్రకథా మూలము, చలనచిత్ర పాఠాంతరములు

చలనచిత్రము మూలమైన చిత్రకథను విడనాడినదని కొందఱును, విడనాడక తప్పదని కొందఱును వాదింతురు. ఉభయపక్షముల వారును మూలము స్థిరముగా నున్నదనియే తలంచుచున్నారు. ఆ తలంపు ఎంతవఱకు నిలుచునో సూపర్‌మ్యాన్ కథను బట్టి పరిశీలింప బూనితిమి.

జెర్రీ సీగెల్ రచింపగా జో షుస్టర్ చిత్రించిన యీ కథ 1938 జూన్ తేదీ గల 'యాక్షన్ కామిక్స్' తొలి సంచికలో వెలువడెను. అందలి నాయకుడు ఎగురడు; మైలులో ఎనిమిదవ వంతు దూరము దుముకును. ఆతని ప్రతిపక్షులును లోకాంతరవాసులు కారు. భార్యను కొట్టు భర్త, శాసనసభ్యుని వశపఱచుకొను దళారి మున్నగువారు. ఆర్థికమాంద్య కాలపు అమెరికా ఆ పుటలలో కానవచ్చును.

నిశ్చలమైన బొమ్మలో దుముకుటకును ఎగురుటకును భేదము స్వల్పము. కదలు బొమ్మలో అది దాచరానిది. 1941లో ఆరంభమైన ఫ్లైషర్ వారి చిత్రములలో దుముకు క్రమముగా ఎగురుటగా మాఱెను. చిత్రకథయు అనతికాలములో ఆ మార్గమునే పట్టెను. నాయకుని బలహీనపఱచు క్రిప్టోనైటు 1943లో రేడియో నాటకమున పుట్టి, 1949లో గాని చిత్రకథ కెక్కలేదు. వక్షఃస్థలముపై నున్న అక్షరము వంశచిహ్నమను భావము 1978 నాటి రిచర్డ్ డోనర్ చిత్రమున ప్రసిద్ధమై, తరువాత చిత్రకథలలో చేరెను. మన తెలుగున 1980లో వచ్చిన 'సూపర్ మేన్' చిత్రమునందు ఎన్.టి. రామారావు ధరించిన నాయకునకు శక్తి హనుమదనుగ్రహమున లభించినది.

కావున మూలమనునప్పుడు ఏ సంవత్సరపు మూలమని ప్రశ్నింపవలసి యున్నది. 2013 నాటి 'మ్యాన్ ఆఫ్ స్టీల్' చిత్రమున నాయకుడు జాడ్‌ను చంపుట మూలవిరుద్ధమని పలువు రాక్షేపించిరి. కాని 1988లో జాన్ బర్న్ రచించిన సంచికలో ఆతడు జాడ్ మున్నగు ముగ్గురు నేరస్థులకు మరణదండన విధించియే యున్నాడు. భేదము వధయందు లేదు, వధానంతర కాలమునం దున్నది. చిత్రకథలో నాయకుని పశ్చాత్తాపము, భూమిని విడిచిపోవుట పెక్కు సంచికలు సాగినవి. చిత్రమున ఒక్క ఆర్తనాదముతో దుఃఖము ముగిసి, కొలది నిమిషములలో కథ సమాప్త మగును. ధారావాహికకు నెలలు కలవు. చిత్రమునకు గంటలే కలవు. ప్రధానభేద మిదియే యని మా యభిప్రాయము.

అయినను మూలము చంచలమన్నంత మాత్రమున మూలకర్తలను మఱవరాదు. సీగెల్, షుస్టరులు 1938లో తమ హక్కులను 130 డాలర్లకు విక్రయించి, పెక్కేండ్లు నామోల్లేఖమునకైన నోచుకొనరైరి. 1975లో గాని వారికి వార్షిక భృతియు, కర్తలుగా గుర్తింపును లభింపలేదు. 1978 నాటి చిత్రమున వారి పేర్లు తెర కెక్కినవి. పాఠాంతరములను లెక్కించు పరిశోధకుడు తొలిపాఠమునకు కర్త యెవరో చెప్పుట తన మొదటి ధర్మముగా నెంచవలెను.