అశరీరవాణికిని శరీరము గలదు



ఈ వార్షిక మహాసభా సంచికకు మన పూర్వుల వంశచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ముప్పదియైదేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్న నాకు శాసనములు వెదకుట క్రొత్త గాదు. గాని గత సంవత్సరపు సభలో, వృద్ధులును రోగపీడితులును అగు కళాసేవకులను వారి యింటికే పోయి సన్మానింపవలెనను తీర్మానము వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి లేచి, ‘వేదిక యెక్కలేనివానికి సన్మాన మేల?’ యని యడిగెను. తీర్మానము నెగ్గెను. ఆ ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు. కావున వంశచరిత్రమును వచ్చు సంచికకు మిగిల్చి, వేదిక యెక్కకయే దేశమంతటికిని వినిపించిన రేడియోసేవకుల చరిత్రమును కొంత వ్రాయుచున్నాను.

పురాణములయందు అశరీరవాణి యను మాట మనకు చిరపరిచితము. దేవకీ వివాహానంతరము రథము తోలుచున్న కంసునకు అది వినబడెను. భారతమున దుష్యంతుడు శకుంతలను కాదన్నప్పుడు సాక్ష్యము పలికినదియు అదియే. ఆ వాణికి దగ్గు లేదు, ముసలితనము లేదు. మైసూరున ఆచార్య ఎం. వి. గోపాలస్వామిగారు 1935 లో స్వయముగా ఒక ప్రసారకేంద్రమును నెలకొల్పినప్పుడు దానికి ‘ఆకాశవాణి’ యను పేరు వాడుకలోనికి వచ్చెను. 1957 లో భారత ప్రభుత్వము దేశములోని కేంద్రముల కన్నింటికిని ఆ పేరే గైకొనెను. పేరు దివ్యమే. పలికినవారు మాత్రము మనవంటి మనుష్యులు. వారికి పండ్లూడును, ఊపిరి చాలదు, చేయి వణకును. వినువారికి ఇది తోపదు. నాకును చాలకాలము తోపలేదు.

చరిత్రము క్లుప్తముగా చెప్పెదను. మదరాసున 1924 లో ఒక రేడియో క్లబ్బు ఏర్పడి మూడేండ్లలో మూతబడగా, 1930 నుండి అచ్చటి కార్పొరేషనువారు ప్రసారములు సాగించిరి. 1938 జూన్ 16 న ఆలిండియా రేడియో మదరాసు కేంద్రము ప్రారంభమయ్యెను. హైదరాబాదున నిజాము ప్రభుత్వపు దక్కను రేడియో 1935 నుండి ప్రధానముగా ఉరుదూలోను, తెలుగు, మరాఠీ, కన్నడములలో కొంతయు ప్రసారము చేసి, 1950 ఏప్రిల్ 1 న భారత ప్రభుత్వమున జేరెను. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1 న వెలసెను.

మదరాసు కేంద్రము తెరచిన ఆ దినములలోనే ప్రసంగించిన తెలుగువారిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగా రొకరు. అప్పటికి ఆయనకు డెబ్బది నాలుగేండ్లు. చెవుడు బహుకాలముగా నున్నది. తాను పలికినది తనకే సరిగా వినబడని వృద్ధుని ఆ యంత్రము ముందు కూర్చుండబెట్టి లోకమునకు వినిపించిరి. 1940 జనవరిలో ఆయన కీర్తిశేషు లైరి. నేను వ్రాయు ఈ గ్రాంథికము ఆయన కెంతమాత్రమును సమ్మతము గాదని యెరుగుదును. అయినను ఆ సన్నివేశమును తలచినప్పుడెల్ల నా కలము కొంత నిలుచును. ఆ కాలమున ప్రసారము లధికభాగము అప్పటికప్పుడు సాగినవే. నిలువచేసినవి బహు స్వల్పము. కావున ఎందరి గళములో విన్నవారి చెవులలో మాత్రమే మిగిలి, ఆ చెవులతో కూడ పోయినవి.

న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను ‘రేడియో అన్నయ్య, అక్కయ్య’ లని పిలువని తెలుగుబిడ్డ లేడందురు. 1945 లో ‘బాల’ పత్రికను నడిపిరి. ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిదప హైదరాబాదు జేరి బాలానంద సంఘమును పెంచిరి. 1980 లో అక్కయ్య, 1984 లో అన్నయ్య గతించిరి. సొంతబిడ్డలవలె చుట్టును మూగిన బాలానందపు పిల్లలే వారికి పరివారము. అన్నయ్య, అక్కయ్య యను ఆ పిలుపులోనే సన్మాన మంతయు ఇమిడియున్నది, బిరుదపత్ర మక్కరలేదు.

బాలాంత్రపు రజనీకాంతరావుగారి కథ కొంత విస్తరించి చెప్పదగినది. వేంకట పార్వతీశ్వర కవులలో నొకరగు వేంకటరావుగారి కుమారుడు. 1920 జనవరి 29 న నిడదవోలున జన్మించెను. 1941 లో మదరాసు రేడియోలో కొలువు కుదిరెను. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రము గడచి స్వాతంత్ర్యము వచ్చిన వేళ మదరాసు కేంద్రమునుండి తెలుగువారు విన్న గీతములు ఆయన రచించి బాణీ కట్టినవే. టంగుటూరి సూర్యకుమారి పాడిరి. సర్కారు ఉద్యోగి చలనచిత్రములకు పనిచేయరాదను నియమముండుటచే 1946 నాటి ‘గృహప్రవేశము’ వంటి చిత్రములకు సోదరుడు నళినీకాంతరావు పేర పనిచేసెనని ప్రసిద్ధి. పాట ఇంటింట మ్రోగుచుండ, కట్టినవాడు తన పేరు చెప్పుకొనలేక యూరకుండుట యెట్టి తపస్సో పాఠకులే యూహింతురు గాక. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961 లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ప్రాతఃకాలమున ‘భక్తిరంజని’ వినుచు స్నానమునకు లేచిన ఇండ్లలో మా యిల్లును ఒకటి. ఆ కార్యక్రమమునకు రూపము దిద్దినది రజనిగారే యని మా నాయనగారికి తెలియదు, నాకును కళాశాలలో చేరువరకు తెలియదు.

1978 లో ఉద్యోగవిరమణ చేసిన పిదప ఆయన నలువది సంవత్సరములు జీవించెను. తొంబది దాటిన వార్ధక్యమున విజయవాడలో నుండగా, ఆకాశవాణిలో ఆయనతో పనిచేసినవారును, ఆయన బాణీలు నేర్చినవారును వచ్చి దర్శించుచుండిరి. 2018 ఏప్రిల్ 22 న తొంబది యెనిమిదేండ్ల వయస్సున గతించెను. శతజయంతికి రెండేండ్లు తక్కువ. శతజయంతి సభకు వేదిక కట్టుట సులభము. తొంబదియాఱేండ్ల వృద్ధుని మంచముప్రక్క కూర్చుండి ఆయన పాటను ఆయనకే వినిపించుట కష్టము. దానికి పూలదండలు కట్టువా రక్కరలేదు, పాట వచ్చినవాడు కావలెను.

ఇక నా సొంత అపరాధము. నా బాల్యమున రేడియో గల ఇండ్లవారు ఏటేట తపాలా కార్యాలయమున లైసెన్సు రుసుము కట్టవలసియుండెను. ఆదివారము మధ్యాహ్నము ఉషశ్రీగారి రామాయణ భారత ప్రవచనము వచ్చునప్పుడు మా వీధిలో పరుగిడు పిల్లలుగూడ కనబడకుండిరి. 1974 లో సంస్కృత వార్తలు మొదలైన పిదప ‘ఇయమాకాశవాణీ’ యను పలుకు వినగనే మా గురువుగారు విస్తరి ముందునుండి లేచెడివారు. అట్టి వాతావరణమున పెరిగిన నాకు చెవి మిక్కిలి పదును. నోరు అంతకంటెను పదును. ఉపాధ్యాయుడనైన క్రొత్తలో, తెలుగు వార్తలు చదువు నొకానొక పెద్దమనిషి ‘శ’కారమును ‘ష’కారముగా పలికెనని తప్పులెంచుచు ఒక కార్డు వ్రాసితిని. పది దినములకు ఆయన స్వదస్తూరితో జవాబు వచ్చెను. తప్పు నొప్పుకొని, కృతజ్ఞతలు తెలిపి, ఇకముందును ఇట్లే వినుచుండవలసినదని కోరియుండెను. తరువాత ఇరువది యేండ్లు ఆయన చదువగా వింటిని. మరల తప్పు దొరకలేదు. మెచ్చుకొని ఇంకొక కార్డు వ్రాయవలెనని ఒక్కనాడును తోపలేదు. ఆయన పక్షవాతముచే మాట పడిపోయి హైదరాబాదున నున్నాడనియు, తోడి ఉద్యోగులును కొందరు శ్రోతలును ఇంటికి పోయి శాలువ కప్పి వచ్చిరనియు ఒక మిత్రుడు చెప్పెను. సంగారెడ్డినుండి బస్సెక్కిన రెండు గంటల దారి. పరీక్షల దినములని మానితిని. వేసవికి పోదమనుకొంటిని. వేసవి రాకముందే పత్రికలో చిన్న యక్షరములలో ఆయన మరణవార్త చదివితిని. ఆయన కుటుంబమువారి అనుమతి గొనలేదు గావున పేరు వ్రాయను. నాకు తప్పులెంచుట తెలిసినంత మెచ్చుట తెలియలేదని చెప్పుటకే ఇది వ్రాసితిని.

మన జిల్లాసంగతి చెప్పక ముగించుట న్యాయము గాదు. రామచంద్రాపురమున భారీ విద్యుత్ కర్మాగారము, పటాన్‌చెరువున కర్మాగారముల వాడలు వెలసిన పిదప రాత్రి పాళీ ముగించుకొని వచ్చినవారికి ట్రాన్సిస్టరే తోడు. జహీరాబాదు ప్రాంతమున మాత్రము విచిత్రమైన మార్పు జరిగెను, వినువారే పలుకువారైరి. 1995 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఆకాశతరంగములు ప్రజలసొత్తని తీర్పు చెప్పెను. 2006 లో ప్రభుత్వము స్వచ్ఛందసంస్థలకు సముదాయ రేడియోలు నడుప ననుమతించెను. 2008 అక్టోబరు 15 న ఝరాసంగము మండలములోని మాచునూరున ‘సంఘం రేడియో’ వెలసెను. ఆ తీర్పు చెప్పినవారిలో నొకరైన న్యాయమూర్తి పి. బి. సావంతుగారే దానిని ప్రారంభించిరి. దానిని నడిపినవారు దళిత స్త్రీలు. విత్తనములు, పశువుల రోగములు, పండుగ పాటలు, చిరుధాన్యములు, ఇవి వారి విషయములు. రాత్రి ఏడు గంటలనుండి తొమ్మిదివరకు వారి వేళ. పలుకునది వారి యింటి భాష.

దీని వెనుక నిలిచినవారు పి. వి. సతీశ్‌గారు. ఆకాశవాణి పేరు పుట్టిన ఆ మైసూరే ఆయన జన్మస్థానము. దూరదర్శన నిర్మాతగా 1975-76 లో ఉపగ్రహముద్వారా పల్లెలకు బోధనాత్మక కార్యక్రమములు పంపిన ప్రయోగమున పాల్గొనెను. మెదకు జిల్లాయు ఆ ప్రయోగక్షేత్రములలో నొకటి. పైనుండి పల్లెకు చెప్పుట చూచినవాడే, 1983 లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించినవారిలో నొకడై, తుదకు పల్లె తానే పలుకునట్లు చేసెను. అస్వస్థుడై హైదరాబాదు ఆసుపత్రిలో 2023 మార్చి 19 న గతించెను. మైక్రోఫోను పట్టిన ఆ స్త్రీలకు ఆయన యజమానుడు గాడు, సహోద్యోగి.

మొదట ఝరాసంగమున మా బంధువుల యింట ఆ ప్రసారమును విన్నప్పుడు, ‘ఈ భాషయేమి, రేడియోయేమి?’ యని విసుగుకొంటిని. మా మేనత్త, అప్పటికి మంచము పట్టియున్నది, ‘ఊకో నాయనా, కొర్రల ముచ్చట చెప్తున్నది, ఇననీ’ యని నన్ను గదమాయించెను. పలుకుచున్న దెవరో, వారి కులమేదో ఆమె యడుగలేదు. కులసంఘ సంచికలో ఈ మాట వ్రాయవచ్చునా యని సందేహించి, వ్రాయుచున్నాను. ఆమె నలువదియేండ్ల నా పాండిత్యమును ఒక్క గసురుతో నోరు మూయించినది. ఆ రాత్రి తొమ్మిదివరకు మేమిద్దరమును వింటిమి.

మన సందర్శనసంఘమువారు వచ్చు మాసమున బయలుదేరుదురని వింటిని. నన్నును వెంట గొనిపోవలసినదని ఇందుమూలముగా కోరుచున్నాను. ఆ వార్తాపఠితగారి కార్డు నా అమరకోశములో, శబ్దాదివర్గపు పుటలమధ్య, నేటికిని ఉన్నది. ఈ తడవ మాట రానివారి యింటికి పోయినప్పుడు దానిని చేతబట్టుకొని పోయెదను.