ఆగడం అనే విద్య



తెలుగు పండితునిగా ముప్పై ఏళ్ళకు పైగా సంధులూ సమాసాలూ బోధించినవాడు మోటారు కారు బ్రేకుల చరిత్రను గురించి వ్రాయడమేమిటని మీకు సందేహం కలగవచ్చు. ఆ సందేహం నాకూ కలిగింది. అయినా, ఒక వేసవిలో ఇంగ్లండులో జరిగిన చిన్న ఉదంతం నన్నీ పనికి పురికొల్పింది.

మా మేనల్లుడు కొవెంట్రీ నగరానికి సమీపంలో ఇంజనీరుగా పనిచేస్తున్నాడు. వాడికొక చిన్న కారు ఉంది. వారంలో అయిదు రోజులూ దానిలోనే ఆఫీసుకు వెళతాడు, కూతురిని బడి దగ్గర దింపుతాడు. నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం అదే కారును పందెపు ట్రాకుకు తీసుకొనిపోయి, రుసుము చెల్లించి, వేగంగా నడిపి ముచ్చట తీర్చుకొంటాడు. నేను అక్కడ ఉన్న రోజుల్లో ఒక ఆదివారం సాయంకాలం వాడు పాలిపోయిన ముఖంతో ఇంటికి వచ్చాడు. ఆరో చుట్టులోనో ఏడో చుట్టులోనో ఒక మలుపు ముందు బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా నేలదాకా దిగిపోయిందట. రెండుమూడుసార్లు గబగబా తొక్కితే కొంత పట్టింది. గడ్డిలోకి దిగి ఆగాడు. ఎవరికీ దెబ్బ తగలలేదు.

ఆ రాత్రే కంప్యూటరు ముందు కూర్చొని, ఆరేసి పిస్టన్ల పెద్ద కాలిపర్లు, పెద్ద డిస్కులు చూడసాగాడు. వెల రెండు వేల పౌండ్ల పైమాటే. "మామయ్యా, ఇక భయం లేదు. ఇవి వేస్తే గోడకు కొట్టినట్టు ఆగుతుంది," అన్నాడు. "గోడకు కొట్టినట్టు ఆగడం మంచిదేనా నాయనా?" అని మాత్రం అనగలిగాను. ఆ విషయంలో అంతకుమించి నాకేమీ తెలియదు. తెలియనప్పుడు పుస్తకాన్ని ఆశ్రయించడం మావంటివారి అలవాటు. మరునాటినుండి వాడు ఆఫీసుకు, నేను గ్రంథాలయానికి!

చదివినకొద్దీ ఒక విశేషం బోధపడింది. బ్రేకుల చరిత్రలో పెద్ద భాగం మా వాడి ఇంటి చుట్టుపక్కలనే, ఒక పగటి ప్రయాణంలో చుట్టి రాదగినంత మేరలోనే జరిగింది.

మొదట డార్బీషైర్ కొండలు. అక్కడ సరుకుల బండ్లు నడిపేవారు వాలులో దిగేటప్పుడు బ్రేకు కొయ్యకు పాత బూటు తోలు తొడిగి చక్రానికి ఒత్తేవారట. అది చూసిన హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన, రాపిడికి తగిన పదార్థమే బ్రేకుకు ప్రాణమని గ్రహించి 1897లో ఫెరోడో సంస్థకు అంకురార్పణ చేశాడు. మరికొన్నేళ్ళకు బ్రేకు లైనింగులో ఆస్‌బెస్టాస్ ప్రవేశించింది. వేడికి చెదరని ఆ రాతినారను ఆనాడు వరప్రసాదంగా భావించారు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని రుజువై, బ్రిటన్ దాన్ని పూర్తిగా నిషేధించేసరికి 1999 వచ్చింది. బ్రేకు ఎందరినో కాపాడింది, దాన్ని తయారుచేసిన శ్రామికులలో ఎందరినో బలిగొన్నది. ఈ రెండో లెక్కను మనం తరచుగా మరచిపోతాం.

తరువాత బర్మింగ్‌హామ్. 1902లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే మేధావి డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. చక్రంతోపాటు తిరిగే పలుచని లోహపు పళ్ళేన్ని రెండు వైపులనుండి నొక్కి పట్టడం ఆయన ఊహ. కాని ఆయన వాడిన రాగి ముక్కలు త్వరగా అరిగిపోయేవి, చెవులు చిల్లులు పడేటట్టు కీచుమనేవి. ఆనాటి మట్టిరోడ్ల దుమ్ము సరేసరి. ఊహ సరైనదే, దానికి తగిన పదార్థం ఇంకా పుట్టలేదు. అదే ఏడు ఫ్రాన్సులో లూయీ రెనో రూపొందించిన డ్రమ్ము బ్రేకు అర్ధశతాబ్దంపాటు లోకాన్ని ఏలింది.

డ్రమ్ముకు ఒక పుట్టులోపం ఉంది. మూసి ఉన్న గిన్నెవంటి ఆ డ్రమ్ము లోపలినుండి లైనింగు కట్టిన షూలు బయటికి ఒరుసుకొంటాయి. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది. పెడలు లోతుకు పోతుంది, లైనింగు పట్టు సడలుతుంది. తిరుమల కొండ దిగే బస్సులో మాడిన వాసన ఎరిగినవారికి ఇది వివరించనక్కరలేదు. 1944లో తెరచిన ఆ మొదటి ఘాటురోడ్డు మీద అనుభవజ్ఞుడైన డ్రైవరు చిన్న గేరులో ఇంజను చేతనే బండిని పట్టి ఉంచుతాడు. బ్రేకును అవసరానికి దాచుకొంటాడు.

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. 1200 కిలోల కారు గంటకు 100 కి.మీ. వేగంతో పోతున్నప్పుడు దానిలోని గతిశక్తి సుమారు 463 కిలోజౌళ్ళు. కారు ఆగేసరికి అందులో చాలా భాగం బ్రేకులలో వేడిగా మారుతుంది. లీటరున్నర నీటిని మరిగించడానికి ఆ మాత్రం వేడి చాలు. వేగం 140 అయితే ఆ శక్తి దాదాపు రెట్టింపు. కనుక ఒక్కసారి ఆగడం పెద్ద సమస్య కాదు. మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ ఆగగలగడమే సమస్య.

ఈ సమస్యకు కొవెంట్రీలోనే సమాధానం దొరికింది. యుద్ధకాలంలో విమానాలకు డిస్కు బ్రేకులు చేసిన డన్‌లప్ సంస్థ, జాగ్వార్ సంస్థతో కలిసి వాటిని కారుకు అమర్చే పని చేపట్టింది. డన్‌లప్ పక్షాన హెరాల్డ్ హాడ్కిన్సన్, జాగ్వార్ పక్షాన పరీక్షకుడు నార్మన్ డ్యూయిస్ దీనికై శ్రమించారు. ఎంచుకొన్న కారు సి-టైపు. 1951లో లె మాన్ 24 గంటల పందేనికి ఆ కార్లను లారీలకు ఎక్కించలేదు. ఇంగ్లండునుండి రోడ్డు మీదనే నడుపుకొంటూ వెళ్ళి, పందెం గెలిచారు! రోడ్డుకూ పందేనికీ ఒకటే కారు అనే మా వాడి ముచ్చట ఎంత పాతదో చూడండి.

కాని డిస్కులు వెంటనే లొంగలేదు. పరీక్షలలో బ్రేకు ద్రవమే మరిగిపోయింది. మరిగిన ద్రవంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుంచించుకోదు, ఆవిరి కుంచించుకొంటుంది. కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే వ్యయమై పెడలు నేలకు దిగుతుంది. ఈ వాక్యం చదివిన చోట నేను ఆగిపోయాను. మా వాడికి ఆదివారంనాడు జరిగింది ఇదే కదా!

1952లో స్టిర్లింగ్ మాస్, డ్యూయిస్ ఇద్దరూ డిస్కులున్న సి-టైపుతో ఇటలీలోని మిల్లె మిల్యా పందెంలో పాల్గొన్నారు. పూర్తి చేయలేకపోయారు. అదే ఏడు ఫ్రాన్సులోని రాఁస్‌లో మాస్ గెలిచాడు. ఈ డిస్కు బ్రేకులకు పందెపు గెలుపు అదే మొదలు. 1953 లె మాన్‌లో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన సి-టైపు ప్రథమస్థానంలో, మరి రెండు సి-టైపులు రెండు, నాలుగు స్థానాలలో నిలిచాయి. దాదాపు ఆరు కిలోమీటర్ల తిన్నని దారి చివర ఉండే ఇరుకు మలుపులో, మూడు వందలకు పైగా చుట్లు, ప్రతిసారీ అదే నమ్మకంతో బ్రేకు తొక్కగలిగారు. పెద్ద ఇంజన్ల ఫెరారీలు డ్రమ్ములనే నమ్ముకొన్నాయి. గెలిచిన కారు సగటు వేగం 170 కి.మీ. అంతకు ముందటేడు గెలిచిన మెర్సిడెస్ సగటు 155. ఆ తేడాలో పెద్ద పాలు ఆగగలగడం వలన వచ్చినదే. ఆగుతానన్న నమ్మకం ఉన్నవాడే వేగంగా పోగలడు.

విజయగాథ ఇక్కడితో ముగిస్తే చరిత్రకు అన్యాయం చేసినవాడినవుతాను. 1955 జూన్ 11న అదే లె మాన్‌లో మైక్ హాథార్న్ తన జాగ్వార్‌ను పిట్టుల వద్ద ఆపడానికి బ్రేకు వేశాడు. వెనుకనున్న ఆస్టిన్-హీలీ పక్కకు తప్పుకొన్నది. దాని వెనుక వేగంగా వస్తున్న పియెర్ లెవే మెర్సిడెస్ దానిని ఢీకొని గాలిలోకి లేచి జనంలో పడింది. లెవేతోపాటు 80 మందికి పైగా ప్రేక్షకులు మరణించారు. విచారణ ఏ డ్రైవరునూ దోషిగా నిలపలేదు. ఇరుకైన దారి, పిట్టులకు వేరు మార్గం లేకపోవడం ముఖ్యకారణాలుగా తేలాయి. నాకు మాత్రం అందులో మరొక పాఠం కనిపించింది. మన బ్రేకు మనకొక్కరికే సంబంధించినది కాదు. వెనుక వచ్చేవాడూ, పక్కన నిలబడినవాడూ అందులో భాగస్వాములే.

అప్పటికే ట్రాకు విద్య రోడ్డుకు చేరుతున్నది. 1955లో సిట్రొయెన్ డి.ఎస్., 1956లో ట్రయంఫ్ టి.ఆర్.3 ముందు చక్రాలకు డిస్కులతో వచ్చాయి. 1957 జాగ్వార్ ఎక్స్.కె.150కి నాలుగు చక్రాలకూ డిస్కులే.

ఈ చరిత్రనంతా ఒక కాగితం మీద వ్రాసుకొని మేనల్లుడి ముందు కూర్చున్నాను. "బ్రేకు ద్రవం ఎప్పుడు మార్చావు?" అని అడిగాను. వాడు నీళ్ళు నమిలాడు. లెక్క చూస్తే నాలుగేళ్ళు దాటింది! ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 4 రకం కొత్తదయితే కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. తేమ పట్టిన తరువాత ప్రమాణం హామీ ఇచ్చేది 155 డిగ్రీలే. వాడి కారులో పాడయినది కాలిపరు కాదు, శ్రద్ధ!

మిగిలిన సంగతులు వాడే వివరించాడు, ఎంతైనా ఇంజనీరు కదా. కారును చివరికి ఆపేది టైరు. చక్రాలు జారకుండా ఏ.బి.ఎస్. అడ్డుపడే స్థితికి తన బ్రేకులు ఇప్పుడే చేరుకొంటున్నాయి గనుక, పెద్ద కాలిపరు వేసినా ఆ మొదటి ఆగుడు దూరం తగ్గదు. పెద్ద డిస్కు ఎక్కువ వేడిని భరిస్తుంది, అంతే. ముందు చక్రాలకు మాత్రమే పెద్దవి వేస్తే ముందువెనుకల తూకం చెడి, దూరం పెరిగినా పెరగవచ్చు. అసలు పందేలకే చేసిన ప్యాడ్లు వేడెక్కితేగాని సరిగా పట్టవు.

"అయితే సోమవారం ఉదయం, వానలో, బడి ముందు?" అన్నాను.

వాడు మాట్లాడలేదు. పక్కగదిలో పిల్ల నిద్రపోతున్నది.

చివరకు వాడు కొన్నవి ఇవి: అధిక ఉష్ణోగ్రతకు మరిగే కొత్త ద్రవం, ఏటేటా మార్చుకోవాలనే నియమంతో, చల్లగా ఉన్నప్పుడూ పట్టే, రోడ్డు కారు ప్యాడ్లకంటె ఎక్కువ వేడిని ఓర్చే మధ్యరకం ప్యాడ్లు, డిస్కులకు గాలి తగిలేటట్టు రెండు గొట్టాలు. ఈ మార్పులను బీమా సంస్థకు తెలియజేశాడు. ట్రాకు మీద నాలుగు చుట్లు తిరిగాక ఒక చుట్టు నెమ్మదిగా నడిపి బ్రేకులను చల్లార్చుకోవడం అలవరచుకొన్నాడు. రెండు వేల పౌండ్లలో చాలా భాగం మిగిలింది. నేను తిరిగి వచ్చేముందు మరొక ఆదివారం ట్రాకుకు వెళ్ళి, నవ్వుముఖంతో ఇంటికి వచ్చాడు.

కఠోపనిషత్తులో శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు పగ్గం. ఆ రథానికి బ్రేకు లేదు, ఆ పని పగ్గానిదే. "బ్రేకు"కు తెలుగు మాట చెప్పమని పిల్లలు ఏనాడో తరగతిలో అడిగితే తడబడ్డాను. ఇప్పుడు అడిగితే "నిగ్రహం" అంటాను. మాట అతకదని మీరనవచ్చు, అర్థం మాత్రం అతుకుతుంది.

ఇంతకూ, మీ బండిలో బ్రేకు ద్రవం మార్చి ఎన్నాళ్ళయింది?

సెలవు.