వార్మ్ వ్యాప్తి ఎందుకు మందగించింది? కోడ్ రెడ్, స్లామర్ ఉదంతాల పరిశీలన

2001 జూలై 19న కోడ్ రెడ్ వార్మ్ 14 గంటల లోపే దాదాపు 3,59,000 కంప్యూటర్లకు సోకింది. అది వాడుకున్న మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ లోపానికి నెల ముందే ప్యాచ్ విడుదలైంది. ఇలాంటి వ్యాప్తిని గణిత నమూనాలు ఎంతవరకు వివరిస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

అంటువ్యాధులకు కెర్మాక్, మెక్‌కెండ్రిక్ 1927లో గణిత నమూనా ఇచ్చారు. ఆ పద్ధతిని ఐబీఎం పరిశోధకులు కెఫార్ట్, వైట్ 1991లో కంప్యూటర్ వైరస్‌లకు వర్తింపజేశారు. సరళ నమూనా ప్రకారం వ్యాప్తి వేగం రెండింటిని బట్టి ఉంటుంది: ఇప్పటికే సోకిన యంత్రాలు ఎన్ని, సోకడానికి వీలున్నవి ఇంకా ఎన్ని. కోడ్ రెడ్ ఐపీ చిరునామాలను యాదృచ్ఛికంగా ఎంచుకునేది కనుక ఈ నమూనా దానికి తగినదే. స్టానిఫర్డ్, పాక్సన్, వీవర్ 2002లో దాని తొలి దశ రేటును గంటకు 1.8గా అంచనా వేశారు. అంటే సోకిన ఒక్కో యంత్రం గంటలో సుమారు మరో రెండింటికి అంటించింది.

చివరి దశలో మాత్రం సరళ నమూనా వాస్తవం కన్నా ఎక్కువ చూపింది. జౌ, గాంగ్, టౌజ్లీ అదే ఏడాది రెండు కారణాలు ప్రతిపాదించారు: మనుషులు ప్యాచ్‌లు వేయడం, రద్దీ వల్ల వార్మ్ వేగమే తగ్గడం. అవి చేరిస్తే వక్రరేఖ బాగా సరిపోయింది. కానీ పరామితులు పెరిగితే ఏ నమూనా అయినా దత్తాంశానికి దగ్గరవుతుంది. రెండు కారణాల్లో దేని పాలు ఎంతో ఆ పోలిక ఒక్కటే తేల్చదు.

ఇక్కడ 2003 జనవరి 25 నాటి స్లామర్ ఉపకరిస్తుంది. 404 బైట్ల ఒకే ప్యాకెట్‌తో, జవాబు కోసం ఆగకుండా వ్యాపించిన ఈ వార్మ్ సోకిన యంత్రాల సంఖ్య మొదట్లో 8.5 సెకన్లకోసారి రెట్టింపైంది. సుమారు మూడు నిమిషాలకు సెకనుకు 5.5 కోట్ల చిరునామాలను తడిమే స్థాయికి చేరి, ఆపై పెరుగుదల నెమ్మదించింది. అంత తక్కువ వ్యవధిలో మనుషులు ప్యాచ్‌లు వేసి ఆపారనడం నమ్మశక్యం కాదు. బ్యాండ్‌విడ్త్ చాలకపోవడమే ప్రధాన కారణమని భావించవచ్చు. అంటే రద్దీ ఒక్కటే వ్యాప్తిని మందగింపజేయగలదు. కోడ్ రెడ్‌లోనూ దాని పాత్ర అంతే ఉందని దీన్నిబట్టి చెప్పలేం.

పరిమితులున్నాయి. స్లామర్ యాదృచ్ఛిక సంఖ్యల విధానంలోనే లోపముంది. ఐపీ చిరునామాలు మారుతుంటాయి కనుక వాటి లెక్క యంత్రాల లెక్క కాకపోవచ్చు. కోడ్ రెడ్ అర్ధరాత్రి ఆగింది దానిలో రాసి ఉన్న తేదీ నిబంధన వల్ల. ఆ తగ్గుదలను రక్షణ చర్యల ఫలితంగా చదవకూడదు. పరిచయాల ద్వారా పాకే ఈమెయిల్ వార్మ్‌లకు ఈ నమూనా అంతగా నప్పదు.

ఇన్ని సందేహాల నడుమ నిలిచే ఫలితం ఒకటుంది. సోకడానికి వీలున్న యంత్రాల్లో సగానికి ముందే ప్యాచ్ వేస్తే బాధితుల గరిష్ఠ సంఖ్యతోపాటు తొలి రేటూ సగమవుతుంది. అయినా స్లామర్ లాంటిది 8.5కు బదులు 17 సెకన్లకు రెట్టింపవుతుంది. మనిషి స్పందించడానికి ఆ గడువూ చాలదు. స్లామర్‌కు ప్యాచ్ ఆరు నెలల ముందే అందుబాటులో ఉంది. అసలైన రక్షణ వ్యవధి ఆ ఆరు నెలలే.